బోర్డు దాటి వెళ్ళాల్సిన జలపాతం: హవాయిలో సేక్రెడ్ ఫాల్స్‌కి పోవచ్చా, పోకూడదా?

చినుకు:
వచ్చే నెల చివర్లో మా గుంపు హవాయి వెళ్తోంది. కొన్ని రోజులు ఓహు దీవిలో, తర్వాత కవాయిలో. టికెట్లు అయ్యాయి, హోటళ్ళు అయ్యాయి, ఒక్క తగాదా మాత్రం తేలట్లేదు. ఓహులో హావులా ఊరి పక్కన సేక్రెడ్ ఫాల్స్ అని అడవి లోపల ఒక జలపాతం ఉంది. 1999 నుంచి మూసే ఉంచారు. అయినా కంచె పక్కనుంచి దూరి వెళ్ళొచ్చినవాళ్ళ వీడియోలు బోలెడు. మాలో సగం మంది "అంత దూరం పోయి బోర్డు చూసి వెనక్కి వస్తామా" అంటున్నారు. మిగతావాళ్ళు వద్దంటున్నారు గానీ ఎందుకు వద్దో గట్టిగా చెప్పలేకపోతున్నారు. మీరేమంటారు? "మీ ఇష్టం" అని మాత్రం రాయకండి, ఆ మాట మా వాట్సాప్ గ్రూపులోనే అరిగిపోయింది.

దారితప్పినవాడు:
నిక్షేపంగా వెళ్ళండి. అక్కడ బోర్డులు పెట్టేది లాయర్లను చూసి. 1999లో రాళ్ళు పడ్డాక బాధితులు కేసు వేశారు. హెచ్చరికలు సరిగ్గా లేవని కోర్టు రాష్ట్ర ప్రభుత్వాన్నే తప్పుపట్టింది. ఆ దెబ్బతో 2003లో ఒక చట్టం తెచ్చుకున్నారు, పద్ధతిగా బోర్డు పెడితే సర్కారు మీద బాధ్యత పడకుండా. ఇప్పుడు ఎటు చూసినా బోర్డులే. అదే ఓహులో మనోవా ఫాల్స్ దగ్గర కూడా రాళ్ళు పడతాయని రాసే ఉంటుంది, అక్కడికి చంటిపిల్లల్ని ఎత్తుకుని మరీ వెళ్తారు. ఒకచోట బోర్డుతో సరిపెట్టి ఇంకోచోట తాళం వేస్తే నేనెందుకు వినాలి?

పెద్దక్క:
తమ్ముడూ, నేను ఓహులోనే ఉంటాను కాబట్టి కొంచెం వివరంగా చెప్తా.

1999 మే 9 ఆదివారం, మదర్స్ డే. జలపాతం కింది నీటిగుంట దగ్గర కుటుంబాలతో కిటకిటలాడుతోంది. కొన్ని వందల అడుగుల పైనుంచి కొండచరియ ఊడి నేరుగా వాళ్ళ మీద పడింది. 8 మంది చనిపోయారు, దాదాపు 50 మందికి దెబ్బలు. వాళ్ళలో ఎవరూ నియమం తప్పి వెళ్ళినవాళ్ళు కారు, అప్పటికి అది తెరిచి ఉన్న స్టేట్ పార్కే. నువ్వు వీడియోల్లో చూసే అందమే అక్కడి చిక్కు. లోయ చివరికి వచ్చేసరికి రెండు పక్కలా గోడలు దగ్గరైపోతాయి, నిటారుగా. అదంతా పొరలు పొరలుగా గట్టిపడ్డ లావా. వాన నీరు పగుళ్ళలోకి దిగుతుంది, చెట్ల వేళ్ళు ఆ పగుళ్ళను ఇంకా తెరుస్తాయి. ఏ పొర ఎప్పుడు జారుతుందో చెప్పే మనిషి లేడు. మనోవాలో కాస్త దూరంగా నిలబడి చూసి వచ్చే వీలుంది, కింద గుంటలోకి దిగొద్దని అక్కడా చెప్తారు. ఇక్కడ చూడాలంటే ఆ గోడల మధ్యకే వెళ్ళాలి. ట్రెక్కింగ్ అనుభవం, మంచి బూట్లు, ధైర్యం... పైనుంచి వచ్చే రాయి ముందు వీటిలో ఏదీ అక్కరకు రాదు.

ఇంకో సంగతి. ఆ చోటు అసలు పేరు కాలియువా. కామపువా అని సగం పంది, సగం మనిషి రూపంలో ఉండే దేవుడి కథ అక్కడిదే. శత్రువులు తరుముకొస్తే తన వాళ్ళు కొండ ఎక్కి తప్పించుకోవడానికి వీపు ఆనించి నిలబడ్డాడనీ, ఆ ఒరిపిడికే రాతిలో గాడి పడిందనీ చెప్తారు. వరాహమూర్తికి దండం పెట్టే మనకు ఇది విడ్డూరంగా అనిపించక్కర్లేదు. పూర్వం లోయలోకి వెళ్ళేవాళ్ళు దారిలో 'టి' అనే మొక్క (మన తేయాకు కాదు) ఆకు పెట్టి, దాని మీద రాయి ఉంచి వెళ్ళేవారు, పైనుంచి రాళ్ళు పడకుండా కాపాడమని. అంటే అక్కడ రాళ్ళు పడతాయని కోర్టు కన్నా, లాయర్ల కన్నా ముందే ఊరివాళ్ళకు తెలుసు.

లెక్కల మాస్టారు:
పెద్దక్క గారూ, మీరు చెప్పింది కాదనను, కానీ ఒకే ఒక్క ఘటన పట్టుకుని ఇన్నేళ్ళుగా తాళమా? అంతకుముందు దశాబ్దాల పాటు ఎంతమంది వెళ్ళొచ్చి ఉంటారు? ఒక మనిషికి ఒక పూటకు లెక్కవేస్తే ప్రమాదం చాలా తక్కువే వస్తుంది. ఎయిర్‌పోర్టు నుంచి అద్దె కారులో బయల్దేరడం ఇంతకన్నా ప్రమాదం కావచ్చు.

పెద్దక్క:
మాస్టారూ, ఒక మనిషి లెక్క వేరు, పార్కు నడిపేవాళ్ళ లెక్క వేరు. తెరిస్తే సెలవురోజున ఒకే గుంట చుట్టూ వందమంది చేరతారు. ఒక్క చరియ చాలు. పైగా లోపల ఎవరికైనా కాలు విరిగితే హోనొలులు ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు హెలికాప్టర్ వేసుకుని ఆ గోడల మధ్యకే దిగాలి. మీ ప్రమాదాన్ని మీరు తలకెత్తుకుంటే ఎవరూ అడగరు, వాళ్ళ ప్రమాదాన్ని కూడా మీరే ఖాయం చేసేస్తున్నారు కదా. బోర్డు దాటినవాళ్ళ నుంచి రక్షణ ఖర్చు వసూలు చేయాలని అక్కడి శాసనసభలో చర్చ మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంది. ఇక పట్టుబడితే కేసు రాసి చీటీ (టికెట్) ఇస్తారు, కోర్టు వ్యవహారం. తిరుగు ప్రయాణం ఉన్నవాళ్ళకు, అందులోనూ వీసా మీద ఉన్నవాళ్ళకు ఆ తలనొప్పి అవసరమా?

మబ్బుతునక:
వీసా మాట బాగా చెప్పారు. మా వాళ్ళు దాన్ని అసలు లెక్కలోకే తీసుకోరు.

వాగుదాటు:
ఇక్కడ అందరూ తాళం ఉన్న జలపాతం గురించే కొట్టుకుంటున్నారు. చినుకు గారూ, మీరు కవాయి కూడా వెళ్తున్నారు, అంటే హనకాపియాయి ఫాల్స్ జాబితాలో ఉండే ఉంటుంది. అది తెరిచే ఉంది, వెళ్ళడం చట్టప్రకారమే. నన్నడిగితే అసలు జాగ్రత్త పడాల్సింది అక్కడ.

కలలావు ట్రయల్ మీద రెండు మైళ్ళు నడిస్తే బీచ్, అక్కడినుంచి లోయలోకి ఇంకో రెండు మైళ్ళు. రానూపోనూ ఎనిమిది. దారిలో వాగు మళ్ళీ మళ్ళీ దాటాలి, వంతెనలు ఉండవు. మీ నెత్తిన ఎండ కాస్తుంటుంది, వెనక కొండల మీద కుండపోత పడుతుంటుంది. ఆ దీవి నడుమ ఉన్న వాయలియాలే శిఖరం ప్రపంచంలోనే అత్యధికంగా వాన పడే చోట్లలో ఒకటి. పొద్దున మోకాలి దాకా ఉన్న వాగు మధ్యాహ్నానికి మనిషిని నిలబడనివ్వదు. 2014 ఏప్రిల్‌లో అలాగే వాగు పొంగి అవతలి ఒడ్డున చిక్కుకున్న 121 మందిని బయటికి తేవాల్సి వచ్చింది.

గుర్తులు చెప్తా. నీళ్ళు ఉన్నట్టుండి మట్టిరంగు తిరిగినా, ఆకులూ కొమ్మలూ కొట్టుకొచ్చినా, పైనుంచి హోరు పెరిగినా, గుంటలో ఉంటే వెంటనే గట్టుకెక్కాలి. దాటాల్సిన వాగు పొంగిందంటే ఆగిపోవాలి, అంతే. చాలాసార్లు కొన్ని గంటల్లో తగ్గిపోతుంది. తగ్గదేమో, చీకటి పడుతుందేమో, ఫ్లయిట్ పోతుందేమో అని కంగారుపడి దిగినవాళ్ళే కొట్టుకుపోతారు. అందుకే ఆ రోజు సాయంత్రం ఇంకే ప్లానూ పెట్టుకోకండి.

దారితప్పినవాడు:
చూశారా, నేనన్నదీ అదేగా! తెరిచి ఉన్నది ప్రమాదం, మూసింది కూడా ప్రమాదం. అలాంటప్పుడు బోర్డు చూసి నిర్ణయించుకోవడం ఏంటి?

వాగుదాటు:
తేడా ఉంది బ్రో. వాగు ముందుగా గుర్తులిస్తుంది, వెనక్కి తిరిగే అవకాశం మన చేతిలో ఉంటుంది. రాయి విషయంలో అది లేదు. నేనైతే బోర్డు ఉందా లేదా అని కాకుండా, తప్పించుకునే వీలుందా లేదా అని చూస్తా. అలా చూసినా సేక్రెడ్ ఫాల్స్ పరీక్ష తప్పుతుంది.

పైసాపైసా:
హనకాపియాయికి రిజర్వేషన్ కావాలట కదా? రోజుకు 900 మందినే పంపిస్తారట, పైగా మన్నుకూ నీళ్ళకూ డబ్బులు. స్థానికులకు మాత్రం ఉచితం. ఇలా పెడితే జనం దొంగదారులు వెతక్క ఏం చేస్తారు?

పెద్దక్క:
ఆ 900 ఊరికే రాలేదు. 2018 ఏప్రిల్‌లో కవాయి ఉత్తర తీరంలో 24 గంటల్లో 49.69 అంగుళాల వాన పడింది, మీటరుంపావు. అమెరికాలో అదే రికార్డు. కొండచరియలు పడి అటు వెళ్ళే ఒక్క రోడ్డూ తెగిపోయింది, ఆ ట్రయల్ మొదలయ్యే పార్కు ఏడాదికి పైగా మూతపడి 2019 జూన్‌లో తెరుచుకుంది. అంతకుముందు అంతకు రెట్టింపు మంది వచ్చి రోడ్డు పొడుగునా కార్లు నిలిపేసేవారు, అంబులెన్స్‌కు కూడా దారుండేది కాదు. మూసినప్పుడు ఊరివాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు, మళ్ళీ తెరిచేటప్పుడు ఈ పద్ధతి కావాలని పట్టుబట్టారు. వాళ్ళ ఊరికి వాళ్ళు టికెట్ కొనాలా?

పైసాపైసా:
సరే, ఆ లెక్కన ఒప్పుకుంటా. కానీ అద్దె కారుకు పార్కింగ్ వేరే, మనిషికి వేరే. కుటుంబంతో పోతే చేతి చమురు వదుల్తుంది.

కెమెరాకన్ను:
సేక్రెడ్ ఫాల్స్‌కి కంచె ఎక్కడ తెగి ఉందో తెలిసినవాళ్ళు పిన్ పెట్టండి ప్లీజ్. డ్రోన్ షాట్ కోసం.

మోడరేటర్:
దీని కింద వచ్చిన రెండు మ్యాపు లింకులు తీసేశాను. వెళ్ళాలా వద్దా అని ఎంతైనా వాదించుకోండి. దారి చెప్పడం ఇక్కడ కుదరదు.

దారితప్పినవాడు:
ఇంటర్నెట్ నిండా ఉన్నదాన్ని ఇక్కడ తీసేస్తే ఏమొస్తుంది? దారి తెలియక వెళ్ళేవాడు ఇంకా పెద్ద ప్రమాదంలో పడతాడు.

వాగుదాటు:
ఈ వాదనలో కొంత నిజం ఉంది, కానీ తిరగేసి కూడా చూడు. కవాయిలోనే ఒపయెకా ఫాల్స్ ఉంది, రోడ్డు పక్క గట్టు మీదనుంచి చూసి వచ్చేయొచ్చు. 2006లో ఇద్దరు ఆడవాళ్ళు అక్కడ కాలిబాటలా కనిపించినదాన్ని పట్టుకుని వెళ్ళి లోయలో పడి చనిపోయారు. నలుగురు నడిస్తే అడవిలో ఎక్కడైనా బాట పడుతుంది, అది ఎక్కడ అంచు దగ్గర ఆగిపోతుందో పిన్ పెట్టినవాడు రాయడు.

మబ్బుతునక:
జలపాతం కింద ఈతకు దిగేవాళ్ళకు ఒక ముక్క. ఒంటి మీద గాయాలుంటే దిగొద్దు, ఆ నీళ్ళు నోట్లోకి పోనివ్వొద్దు. ఎలుకలు, అడవిపందుల మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది. వారం పది రోజుల తర్వాత జ్వరం, ఒళ్ళునొప్పులు మొదలైతే హవాయిలో వాగులో దిగామని డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. లేకపోతే వాళ్ళు ఫ్లూ అనుకుంటారు.

లెక్కల మాస్టారు:
ఇంత గొడవ లేకుండా హవాయిలోనే బిగ్ ఐలాండ్ అనే ఇంకో దీవిలో అకాకా ఫాల్స్ చూడండి. 442 అడుగులు, చక్కటి సిమెంటు బాట. ఆ వాగులో ఓపు అనే చేప ఉంటుంది, పిల్లగా సముద్రంలో పెరిగి, పొట్ట కింది రెక్కలతో రాతిని పట్టుకుంటూ జలపాతం ఎక్కి పైకి చేరుతుంది. మనుషుల్ని చూసీ చూసీ విసుగొచ్చినవాళ్ళకు అది చాలు.

చినుకు:
మాస్టారూ, మాకు బిగ్ ఐలాండ్ లేదు, అదే బాధ. ఈ చర్చ అంతా గ్రూపులో పెట్టాను. వీసా మాట చూసి ఇద్దరు వెంటనే వెనక్కి తగ్గారు, రాళ్ళ గురించి చదివి ఇంకొకరు. ఒకడు మాత్రం తెల్లవారుజామునే లేచి ఒంటరిగా పోతానంటున్నాడు. కారు తాళాలు నా దగ్గర ఉంటాయి కాబట్టి చూద్దాం. హనకాపియాయి మాత్రం ఖాయం. రిజర్వేషన్ ఎప్పుడు చేసుకోవాలి?

వాగుదాటు:
30 రోజుల ముందు తెరుస్తారు, హవాయి టైము ప్రకారం అర్ధరాత్రి. మీరున్నచోట ఎంతవుతుందో చూసి అలారం పెట్టుకోండి. పార్కింగ్ నిమిషాల్లో అయిపోతుంది, దొరక్కపోతే షటిల్ బస్సు చూడండి, అందులోనే ప్రవేశం కూడా కలిసి ఉంటుంది. తిరుగు బస్సు ఆఖరిది ఎన్నింటికో ముందే రాసిపెట్టుకోండి, అక్కడ ఫోను సిగ్నల్ ఉండదు.