బ్రెస్ట్ రిడక్షన్ ఆపరేషన్: పెళ్ళికి ముందా, తర్వాతా?

పెన్నా_గాలి:
నాకు 26. ఊరు కందుకూరు (ఇప్పుడు ఏ జిల్లా అని మళ్ళీ మొదలుపెట్టొద్దు). సచివాలయంలో ఉద్యోగం. పదో తరగతి నుంచీ మెడ, భుజాలు పీకుతా ఉంటాయి. బ్రా పట్టీలు దిగిన చోట గాడి పడింది, వేలు పెడితే అందులో కూర్చుంటుంది. ఎండాకాలం కింద మడతలో ఒరుసుకుపోయి పొక్కులు, ఫంగస్ పౌడర్ డబ్బా బ్యాగులోనే ఉంటుంది. చెన్నైలో ప్లాస్టిక్ సర్జన్‌కి చూపించుకుంటే రొమ్ములు తగ్గించే ఆపరేషన్ చేయొచ్చన్నారు. ఇన్సూరెన్స్ వాళ్ళు "అందం కోసం" అని ఒక్క లైన్లో తిప్పి పంపారు. అమ్మేమో పెళ్ళయి పిల్లలు పుట్టాక చూద్దాం అంటోంది. చేయించుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

మొలగొలుకులు:
అమ్మాయ్, నాకు 58, కోవూరు. ముందు బరువు తగ్గు. పొద్దున్నే గంటసేపు నడువు, రాత్రి అన్నం మానెయ్. నాట్లకి వంగినోళ్ళకి లేదా నడుము నొప్పి, పొగాకు గ్రేడింగ్‌లో రోజంతా కూర్చునేవాళ్ళకి లేదా మెడ నొప్పి? అందరూ కోయించుకున్నారా? రేపు బిడ్డకి పాలు రాకపోతే అప్పుడు ఏడిస్తే వస్తాయా?

చీమకుర్తి_రాయి:
ఇట్టాంటి ఆడవాళ్ళ విషయాలు ఇక్కడ పెట్టడం ఏంది?

సంతపేట_దోసె:
అన్నా, మొత్తం చదివాకే చెప్పినట్టుండావే.

పొగతోట_కాంపౌండర్:
బరువు తగ్గితే కొందరికి తగ్గుతాయి, అందులో కొవ్వు ఎక్కువున్న వాళ్ళకి. గ్రంథి ఎక్కువుంటే మనిషి చిక్కినా అవి అట్టానే ఉంటాయి. పాల సంగతి పద్ధతిని బట్టి. చనుమొనని లోపలి కండకి అంటిపెట్టి ఉంచి చేస్తే చాలామందికి ఎంతో కొంత వస్తాయి, బిడ్డకి చాలినన్ని వస్తాయని ఎవరూ మాటివ్వలేరు. మొనని పూర్తిగా విడదీసి అతికిస్తే పాలనాళాలు తెగిపోతాయి. స్పర్శ తగ్గొచ్చు. మచ్చ సాధారణంగా లంగరు ఆకారంలో ఉంటుంది: మొన చుట్టూ, అక్కణ్ణుంచి నిలువుగా కిందికి, మడత వెంబడి అడ్డంగా. కాన్పుకి, లేదా ఒళ్ళొస్తే మళ్ళీ పెరగొచ్చు కూడా. ఇవన్నీ తెలిసే సంతకం పెట్టండి.

కావలి_సెకండ్_షో:
ఇన్సూరెన్స్ దగ్గరికి రండి. బీమా కంపెనీల మీద ఉండే నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన ఒకే వాక్యం 2020 నుంచి దాదాపు అన్ని హెల్త్ పాలసీల్లో ఉంటుంది, ఎక్స్‌క్లూజన్ (అంటే డబ్బు ఇవ్వని వాటి జాబితా) కోడ్ 08. రూపం మార్చే చికిత్సకి డబ్బు రాదు. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత సరిచేసేదైతే వస్తుంది. లేదంటే ఆరోగ్యానికి నేరుగా, తక్షణం ఉన్న ముప్పుని తీసేయడానికి అవసరమని డాక్టర్ రాసివ్వాలి. ఆ "తక్షణం" దగ్గరే మీది పట్టుకుని ఉంటారు.

మొలగొలుకులు:
చూశావా, కంపెనీ వాళ్ళు కూడా అవసరం లేదనే అన్నారు.

కావలి_సెకండ్_షో:
వాళ్ళన్నది డబ్బులు ఇవ్వం అని. అవసరం లేదని కాదు. రెండూ ఒకటే అయితే మీ చత్వారం కళ్ళజోడు కూడా అవసరం లేనట్టే, దానికీ ఇవ్వరు.

సంతపేట_దోసె:
టెన్నిస్ ఆడే సిమోనా హాలెప్ 2009లో చేయించుకుంది, 17 ఏళ్ళకి. 2018లో ఫ్రెంచ్ ఓపెన్, 2019లో వింబుల్డన్ కొట్టింది.

మొలగొలుకులు:
ఆమె టెన్నిస్ ఆడింది. ఈ పిల్ల ఏం ఆడుతుంది?

సంతపేట_దోసె:
ఆటలు ఆడకపోయినా చేయించుకునేదాన్నే అని ఆమే చెప్పింది ఆంటీ.

మొలగొలుకులు:
అట్టా అయితే అది నొప్పి కోసం కాదు, షోకు.

కావలి_సెకండ్_షో:
చెప్పకూడదనుకున్నా, చెప్తున్నా. నాకు గైనకోమాస్టియా ఉండేది, మగాళ్ళకి రొమ్ము పెరగడం. 23 ఏళ్ళకి నెల్లూరులో ఆపరేషన్ అయింది. నొప్పి ఒక్కరోజు కూడా లేదు నాకు. బనియన్, దాని మీద టీషర్ట్, దాని మీద చొక్కా, మే నెల్లో కూడా. మైపాడు బీచ్‌కి పోతే అందరి చెప్పులకీ కాపలా నేనే, నీళ్ళలో దిగేవాణ్ణి కాదు. మా అమ్మ గాజులు తాకట్టు పెట్టి డబ్బు ఇచ్చింది. పెళ్ళయ్యాక చూద్దాం అని ఒక్కరూ అనలా. పెళ్ళికి ముందే అయిపోవాలన్నారు. నన్నెవరూ షోకు అనలా.

మొలగొలుకులు:
నీదీ ఆ పిల్లదీ ఒకటా? నువ్వు బిడ్డకి పాలివ్వాలా? అందరూ నన్నే అంటుండారు. మా అమ్మాయి బెంగళూరులో ఇదే ఆపరేషన్ చేయించుకుంది. నాకు చెప్పలా. ఎనిమిది నెలలయ్యాక బీరువాలో దుప్పట్లు సర్దుతుంటే డిశ్చార్జ్ కాగితం దొరికింది. కన్నతల్లిని. నేనేం శత్రువునా?

సంతపేట_దోసె:
చెప్పుంటే ఏమనేవాళ్ళు ఆంటీ?

మొలగొలుకులు:
బరువు తగ్గమనేదాన్ని.

పెన్నా_గాలి:
ఆంటీ, పైన రాసిన నొప్పి అబద్ధం కాదు. కానీ అది రేపు పూర్తిగా పోయినా నేను చేయించుకుంటా. సర్టిఫికెట్ కోసం వచ్చినాయన వేలిముద్ర వేస్తా కూడా నా మొహం చూడడు. చున్నీకి నాలుగు పిన్నులు. గతుకుల రోడ్డులో స్కూటీ మీద ఒక చెయ్యి అడ్డం పెట్టుకుని ఒంటిచేత్తో నడుపుతా. నొప్పి అని ముందు రాసింది ఎందుకంటే, అది లేకపోతే ఇక్కడ ఒక్కరూ వినరు. డాక్టర్‌కీ అదే చెప్పా, అమ్మకీ అదే చెప్పా.

మొలగొలుకులు:
అంటే వెధవల చూపులకి నీ ఒళ్ళు కోయించుకుంటావా? వాళ్ళ కళ్ళకి గంతలు కట్టాలి గానీ!

పెన్నా_గాలి:
గంతలు కట్టేదాకా ఆ కుర్చీలో కూర్చోవాల్సింది నేనే గదా. అయినా వాళ్ళ కోసం కాదు ఆంటీ. స్నానానికి పోయి అద్దం ముందు నిలబడితే అక్కడ ఎవరున్నారు? నాకే వద్దు.

పొగతోట_కాంపౌండర్:
డాక్టర్‌కి మాత్రం రెండు కారణాలూ చెప్పమ్మా. ఎంత తీయాలో ఇద్దరూ కూర్చుని అనుకోవాల్సిన విషయం. నీ మనసులో ఉన్న సైజు ఆయనకి తెలియకపోతే తర్వాత బాధపడేది నువ్వే.

మొలగొలుకులు:
నేనైతే ఒప్పుకోలా. ఒప్పుకోను కూడా. కొన్నాళ్ళు చేతులు పైకెత్తనీయరంట, ఆ కాగితంలో రాసుంది. మా పిల్ల ఆ ఊళ్ళో ఒక్కతే ఎట్టా జడేసుకుందో. నీకు ఎవరు తల దువ్వుతారో అది చూసుకో ముందు.

కావలి_సెకండ్_షో:
కంపెనీకి మళ్ళీ రాసేటప్పుడు పొక్కులకి వాడిన మందుల చీటీలు, భుజం గాడి ఫొటో జతచెయ్యండి. అప్పటికీ వినకపోతే హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు, కంపెనీల మీద ఫిర్యాదులు వినే అధికారి, ఫీజు లేదు. ఆ "తక్షణం" అనే మాట గురించి మాత్రం నేనింకా వదల్లేదు.