కోర్‌కు ఒకటి చొప్పున పెట్టిన కౌంటర్లలో లెక్క తగ్గుతోంది, కారణమేమిటి?

ప్రశ్న

నమస్కారం. లైనక్స్‌పై నడిచే ఒక సర్వర్ ప్రోగ్రాములో, వచ్చిన అభ్యర్థనలను లెక్కించడానికి ప్రాసెసర్‌లోని ప్రతి కోర్‌కు ఒక కౌంటర్ (గడి) పెట్టుకున్నాను. థ్రెడ్ (ప్రోగ్రాములో విడిగా నడిచే ఒక పనివరుస) ముందుగా షెడ్‌గెట్‌సీపీయూ అనే ఫంక్షన్ ద్వారా తాను ఏ కోర్ మీద ఉన్నదో తెలుసుకొని, ఆ కోర్‌కు చెందిన గడిలో ఒకటి కలుపుతుంది. థ్రెడ్లు కోర్ల సంఖ్యను మించినప్పుడు మొత్తం కొద్దికొద్దిగా తగ్గుతోంది. ఎక్స్86 ప్రాసెసర్‌లో ఈ కూడిక ఒకే ఇన్‌స్ట్రక్షన్‌గా మారుతోందని అసెంబ్లీ చూసి నిర్ధారించుకున్నాను. ఆ ఇన్‌స్ట్రక్షన్‌కు ముందు, వేరే కోర్లు మధ్యలో అడ్డురాకుండా చేసే లాక్ ప్రిఫిక్స్ చేరిస్తే లెక్క సరిపోతోంది గానీ, ఆ ఖర్చు తప్పించుకోవడానికే కదా ఇన్ని గడులు పెట్టుకున్నది.

సమాధానం

కూడిక ఒకే ఇన్‌స్ట్రక్షన్ అన్న మీ పరిశీలన సరైనదే. అయితే కోర్ సంఖ్య చదవడం ఒక పని, ఆ గడిలో కలపడం మరొక పని; లోపం ఈ రెండింటి మధ్య ఉంది. మీ థ్రెడ్ ‘నేను 3వ కోర్ మీద ఉన్నాను’ అని తెలుసుకున్న మరుక్షణంలో షెడ్యూలర్ (ఏ థ్రెడ్ ఎప్పుడు, ఏ కోర్ మీద నడవాలో నిర్ణయించే లైనక్స్ భాగం) దానిని ఆపి, తరువాత 5వ కోర్ మీద లేపితే, అది అక్కడి నుంచి 3వ గడిలో కలుపుతుంది. అదే సమయంలో 3వ కోర్ మీద ఉన్న వేరొక థ్రెడ్ కూడా ఆ గడిలోనే కలుపుతుంటే, లాక్ లేనందున రెండింటిలో ఒక కూడిక పోతుంది. ఒక్కొక్క థ్రెడ్‌ను ఒక్కొక్క కోర్‌కు కట్టివేసి నడిపి చూడండి. నష్టం మాయమైతే కారణం ఇదేనని తేలుతుంది.

కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) తన లోపలి కోడ్‌లో ప్రీఎంప్షన్‌ను, అంటే నడుస్తున్న పనిని మధ్యలో ఆపి వేరేదాన్ని నడపడాన్ని, కాసేపు ఆపుకోగలదు గానీ, ఆ అధికారాన్ని మన ప్రోగ్రాములకు ఇవ్వదు, ఇవ్వకూడదు కూడా. అందుకు బదులుగా 2018లో వెలువడిన లైనక్స్ 4.18 వెర్షన్ నుంచి ఆర్‌సెక్ అనే సిస్టమ్ కాల్ (కెర్నెల్ సేవను కోరే పిలుపు) ఉంది. అది అంతరాయాన్ని ఆపదు. ధాన్యం కొలిచేవాడిని మధ్యలో ఎవరైనా పలకరిస్తే లెక్క తప్పి మళ్లీ మొదటి నుంచి కొలిచినట్లు, అంతరాయం కలిగితే పనిని మొదటి నుంచి చేయిస్తుంది. మీరు ఆ చిన్న కోడ్ ముక్క ఎక్కడ మొదలవుతుందో, ఎంత పొడవుందో, మధ్యలో తెగితే ఎక్కడికి వెళ్లాలో ఒక వివరణ నిర్మాణంలో రాసి, ముక్కలోకి ప్రవేశించే ముందు దాని చిరునామాను థ్రెడ్‌కు చెందిన ఆర్‌సెక్ స్థలంలో ఉంచుతారు. ప్రీఎంప్షన్, కోర్ మార్పు, సిగ్నల్ (ప్రోగ్రాముకు కెర్నెల్ అందించే సూచన) వీటిలో ఏది జరిగినా, కెర్నెల్ తిరిగి యూజర్ కోడ్‌లోకి వచ్చేటప్పుడు మీరు ఆగిన చోటు ఆ పరిధిలో ఉన్నదా అని చూసి, ఉంటే మిమ్మల్ని అబార్ట్ చిరునామాకు, అంటే మధ్యలో తెగితే వెళ్లాలని మీరు రాసిన చోటికి, పంపుతుంది.

ఇక్కడ అందరూ పొరబడే విషయం ఒకటుంది: బయటికి కనిపించే మార్పు ఆ ముక్కలోని చిట్టచివరి ఇన్‌స్ట్రక్షన్ ఒక్కటే కావాలి. అది పూర్తయిన వెంటనే పరిధి దాటిపోతారు కనుక రెండుసార్లు లెక్కించే ప్రమాదం ఉండదు. అంతకుముందే ఏదైనా రాసి ఉంటే, అది మళ్లీ రాయబడుతుంది. రిజిస్టర్లను (ప్రాసెసర్ లోపలి తాత్కాలిక నిల్వలను) కూడా కెర్నెల్ పాత స్థితికి తేదు, అబార్ట్ తరువాత కోర్ సంఖ్యతో సహా అన్నీ మీరే మళ్లీ చదువుకోవాలి. లోపల సిస్టమ్ కాల్ చేయకూడదు. కంపైలర్ తన ఇష్టం వచ్చినట్లు వరుస మారుస్తుంది కనుక సీ భాషలో దీనిని రాయడం కుదరదు. అసెంబ్లీ సొంతంగా రాసే బదులు లిబ్‌ఆర్‌సెక్ అనే లైబ్రరీ వాడుకోవడమే నా సలహా.

ప్రశ్నించినవారి స్పందన

కృతజ్ఞతలండీ. కట్టివేసి చూశాను, నష్టం పోయింది. అయితే ఆర్‌సెక్ స్థలాన్ని నేనే కెర్నెల్ దగ్గర నమోదు చేయబోతే చెల్లని ఆర్గ్యుమెంట్ అని తిరస్కరిస్తోంది. తరువాత లైబ్రరీ వాడి, జీడీబీ అనే డీబగ్గర్‌లో ఒక్కొక్క అడుగూ నడిపితే ఆ ముక్క ఎంతకీ పూర్తికావడం లేదు.

సమాధానం

మొదటిదానికి కారణం, గ్లిబ్‌సి (లైనక్స్‌లో సీ భాష ప్రామాణిక లైబ్రరీ) 2.35 నుంచి ప్రతి థ్రెడ్‌కు అదే నమోదు చేస్తోంది, రెండవ చిరునామాను కెర్నెల్ ఒప్పుకోదు. ఆ స్థలం ఎక్కడుందో గ్లిబ్‌సియే చెబుతుంది, దానినే వాడండి. రెండవది తప్పు కాదు: డీబగ్గర్ వేయించే ప్రతి అడుగూ ఒక అంతరాయమే కనుక, ప్రతిసారీ మొదటికి వెళ్తుంది. బ్రేక్‌పాయింట్‌ను ముక్క తరువాత పెట్టండి.

మరొక సభ్యుడు

ఈ ఆలోచన పాతదే. ఒకే ప్రాసెసర్ ఉన్న యంత్రాల కోసం బెర్షాడ్, రెడెల్, ఎలిస్‌లు 1992లోనే దీనిని ప్రతిపాదించారు. ఏఆర్‌ఎం ప్రాసెసర్లలో వీ6 తరం కంటే ముందటి చిప్‌లలో, పోల్చి మార్చే ఇన్‌స్ట్రక్షన్ లేనందున, లైనక్స్ కెర్నెలే ఆ పని చేసే చిన్న కోడ్‌ను ఒక స్థిరమైన చిరునామాలో అందించి, మధ్యలో అంతరాయం వస్తే ప్రోగ్రామ్ కౌంటర్‌ను (తరువాత నడవాల్సిన ఇన్‌స్ట్రక్షన్ చిరునామాను) వెనక్కి జరిపేది. చిరునామా కెర్నెల్‌కు ముందే తెలుసు కనుక అక్కడ నమోదు అవసరం ఉండేది కాదు.

ప్రశ్నించిన మిత్రునికి ఒక మాట: గడుల సంఖ్యను ప్రస్తుతం పనిచేస్తున్న కోర్లను బట్టి కాక, సాధ్యమైన గరిష్ఠ కోర్ సంఖ్యను బట్టి పెట్టుకోండి. ఒక్కొక్క గడి మధ్య 64 బైట్ల దూరం ఉంచండి, లేకపోతే లాక్ తీసివేసిన లాభంలో చాలా భాగం క్యాష్ లైన్ల (కోర్లు మెమొరీని తెచ్చుకునే చిన్న ముక్కల) కోసం జరిగే పోటీలో పోతుంది.