బాబీ డన్‌బార్ కేసు: 2004 నాటి డీఎన్‌ఏ పరీక్ష నిజంగా ఏమి తేల్చింది?

ప్రశ్న – పాతదస్త్రం

సభ్యులందరికీ నమస్కారం. అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో 1912 ఆగస్టు 23న, కుటుంబంతో కలిసి స్వేజీ సరస్సు దగ్గరకు వెళ్లిన నాలుగేళ్ల బాబీ డన్‌బార్ కనిపించకుండా పోయాడు. ఒపెలూసాస్ పట్టణంలో పేరున్న పెర్సీ, లెస్సీ దంపతుల పెద్ద కొడుకు అతడు. సరస్సులో డైనమైట్ పేల్చి చూశారు, మొసళ్లను పట్టి పొట్టలు చీల్చి చూశారు, అయినా ఏమీ దొరకలేదు. ఎనిమిది నెలల తరువాత, 1913 ఏప్రిల్‌లో, పొరుగున ఉన్న మిసిసిపీ రాష్ట్రంలో ఊరూరా తిరిగి పియానోలు సరిచేసుకుని బతికే విలియం కాంట్‌వెల్ వాల్టర్స్ అనే వ్యక్తి వెంట అదే ఈడు పిల్లవాడు కనిపించాడు. ఆ బాలుడు తమ ఇంట్లో పనిచేసిన జూలియా ఆండర్సన్ కొడుకు బ్రూస్ అనీ, తల్లి అంగీకారంతోనే తన వెంట ఉన్నాడనీ వాల్టర్స్ మొత్తుకున్నా ఎవరూ నమ్మలేదు. డన్‌బార్ దంపతులు పిల్లవాణ్ని తీసుకువెళ్లారు, ఊరు మేళతాళాలతో స్వాగతం పలికింది. 1914లో కోర్టు వాల్టర్స్‌కు కిడ్నాప్ నేరం కింద యావజ్జీవ శిక్ష వేసింది.

ఆ బాలుడు బాబీ డన్‌బార్‌గానే పెరిగి, పెళ్లి చేసుకుని, నలుగురు పిల్లలకు తండ్రై, 1966లో అదే పేరుతో మరణించాడు. దశాబ్దాల తరువాత అతని మనవరాలు పాత పత్రికలను, కోర్టు కాగితాలను తవ్వి తీయడంతో అనుమానం బలపడింది. చివరికి 2004లో అతని కుమారుడి డీఎన్‌ఏను, బాబీ తమ్ముడు అలోంజో కుమారుడి డీఎన్‌ఏతో పోల్చి చూస్తే ఇద్దరి మధ్య రక్తసంబంధం లేదని తేలింది.

నన్ను వేధిస్తున్న సందేహాలు రెండు. కన్న తల్లిదండ్రులు ఎనిమిది నెలల ఎడబాటుకే సొంత బిడ్డ విషయంలో అంత పొరబడడం ఎలా సాధ్యమైంది? రెండవది నాకు ఇంకా ముఖ్యమైనది. ఈ పరీక్షతో అతడు బ్రూస్ ఆండర్సన్ అని రుజువైపోయిందని చాలా వ్యాసాలలో చదివాను. అతడు డన్‌బార్ కాదని తేలినంత మాత్రాన ఆండర్సన్ అని తేలినట్లవుతుందా?

సమాధానం 1 – కోర్టుమెట్లు

మీ మొదటి సందేహానికి నాకు తెలిసినంత వరకు చెబుతాను. వృత్తిరీత్యా సాక్ష్యాలతో వ్యవహరించేవాణ్ని కనుక, ఈ కేసులో గుర్తింపు జరిగిన తీరే నాకు అన్నిటికంటే ఎక్కువ ఆందోళన కలిగిస్తుంది.

పిల్లవాడు తప్పిపోయాక డన్‌బార్ కుటుంబం అతని ఆనవాళ్లను కార్డులపై అచ్చు వేయించి అనేక చోట్లకు పంపింది. గుండ్రటి నీలి కళ్లు, లేత రంగు జుట్టు, ఎడమ కాలి బొటనవేలిపై పసితనంలో కాలిన మచ్చ అని వాటిలో ఉంది. అంటే మచ్చ సంగతి బాలుడు దొరకక ముందే అందరికీ తెలుసు. అతడు దొరికినప్పుడు అందరి కళ్లూ ఆ కాలి మీదే ఉన్నాయి, ఎడమ పాదంపై ఏదో మచ్చ కనిపించింది కూడా. కానీ అది కాలిన మచ్చేనా, కార్డులో చెప్పిన చోటే ఉందా అని ఇరుపక్షాలతోనూ సంబంధం లేని వైద్యుడి చేత ముందుగానే పరీక్ష చేయించి రాయించి ఉంటే దానికి విలువ ఉండేది. మన పదో తరగతి సర్టిఫికెట్లలో రెండు పుట్టుమచ్చలు రాస్తారు కదా, వాటికి ఏ కాస్తయినా విలువ ఉందంటే అది వివాదం పుట్టకముందే, ఆ వివాదంతో పనిలేనివారు రాసి పెట్టినందువల్లనే. వెతికేవారే ఏ మచ్చ కావాలో మనసులో పెట్టుకుని వెతికితే ఏదో ఒకటి కనిపించకపోదు.

లెస్సీ మొదటిసారి బాలుణ్ని చూసిన క్షణం గురించి పత్రికలు ఒకదానికొకటి పొసగని కథలు రాశాయి. చూడగానే పిల్లవాడు అమ్మా అని చేతుల్లోకి వచ్చి వాలాడని ఒక పత్రిక రాస్తే, తల్లీ తటపటాయించింది, బిడ్డా దగ్గరకు రాలేదని మరొకటి రాసింది. మరునాడు స్నానం చేయించి, పుట్టుమచ్చలూ గాయపు గుర్తులూ చూశాకే తన కొడుకేనని ఆమె గట్టిగా చెప్పినట్లు తెలుస్తుంది. తమ్ముడు అలోంజో విషయంలోనూ ఇంతే. ఒక పత్రికలో బాలుడు అతణ్ని గుర్తుపట్టి ముద్దు పెట్టుకున్నాడు, మరొక పత్రికలో ఏమీ ఎరగనట్లు నిలబడ్డాడు.

ఇప్పుడు జూలియా ఆండర్సన్‌కు జరిగినది చూడండి. ఉత్తర కరోలినా నుంచి ఒక పత్రిక ఖర్చుతో వచ్చిన ఆమె ముందు ఒకే ఈడు పిల్లలను అయిదుగురిని నిలబెట్టి, వీరిలో నీ కొడుకెవరో చెప్పమన్నారు. ఆమె బిడ్డను చూసి ఏడాది దాటింది. మొదటి రోజు కచ్చితంగా చెప్పలేకపోయింది, మరునాడు బాలుణ్ని దగ్గరగా పరిశీలించాక తన కొడుకేనంది. అంటే తల్లులిద్దరూ మొదటి రోజు తడబడి, రెండో రోజు నిశ్చయంగా చెప్పారు. లెస్సీ తడబాటును పుత్రశోకమని అర్థం చేసుకున్న లోకం, జూలియా తడబాటును అబద్ధమని తీర్మానించింది. పెళ్లి కాకుండా పిల్లలను కన్నదని పత్రికలు ఆమె శీలాన్ని కూడా తూకం వేశాయి. ఆమె దగ్గర డబ్బు లేదు, ఆ ఊళ్లో తెలిసినవారు ఒక్కరూ లేరు.

నా దృష్టిలో ఈ కేసులో అన్నిటికంటే బలమైన సాక్ష్యం మచ్చలూ కాదు, తల్లుల మాటలూ కాదు. బాబీ తప్పిపోవడానికి ముందే వాల్టర్స్ వెంట ఈ పిల్లవాణ్ని చూశామని మిసిసిపీ గ్రామస్థులు కొందరు చెప్పారు. ఆ తేదీలు నిజమైతే వేరే రుజువుతో పనే లేదు. జ్యూరీ దానిని పట్టించుకోలేదు. వాల్టర్స్ రెండేళ్లు జైలులో ఉన్నాక పునర్విచారణకు అనుమతి వచ్చింది, అయితే మొదటి విచారణకే చాలా ఖర్చయిందంటూ ప్రాసిక్యూషన్ మళ్లీ కేసు నడపకుండా అతణ్ని వదిలేసింది. ఆ విధంగా అసలు ప్రశ్నపై ఏ కోర్టూ రెండోసారి తీర్పు చెప్పవలసిన అవసరం రాలేదు.

సమాధానం 2 – సూక్ష్మదర్శిని

రెండవ సందేహానికి సూటిగా సమాధానం: తేలినట్లు కాదు. నేను కళాశాలలో జన్యుశాస్త్రం బోధిస్తాను, నా విద్యార్థులు కూడా ఇక్కడే తరచుగా జారిపడతారు.

2004లో పోల్చినది ఇద్దరు అన్నదమ్ముల కుమారులుగా భావించబడినవారిని. తండ్రి నుంచి కొడుక్కి వై క్రోమోజోమ్ దాదాపు మార్పు లేకుండా అందుతుంది కనుక, పెర్సీ డన్‌బార్ వై క్రోమోజోమే ఇద్దరు కొడుకుల ద్వారా ఇద్దరు మనవళ్లలోనూ ఉండాలి. మిగిలిన క్రోమోజోములను చూసినా, అన్నదమ్ముల పిల్లల మధ్య సగటున ఎనిమిదో వంతు డీఎన్‌ఏ ఉమ్మడిగా ఉండాలి. అది లేదంటే 1913లో తెచ్చిన బాలుడు, అలోంజో ఒకే తండ్రి పిల్లలు కారన్నమాట. కఠినంగా ఆలోచిస్తే, నడుమ ఎక్కడైనా పితృత్వం కాగితాల మీద ఉన్నట్లు లేకపోయినా ఇదే ఫలితం వస్తుంది. కానీ ఈ కేసులోని మిగతా సాక్ష్యాలతో కలిపి చూసినప్పుడు అలాంటి అనుమానానికి నేను పెద్దగా చోటివ్వను. బాలుడు డన్‌బార్ కాదనడానికి ఈ పరీక్ష చాలు.

అతడు బ్రూస్ అని చెప్పాలంటే మాత్రం జూలియా వైపు వారితో పోలిక కుదరాలి. ఒకరు కాదని చెప్పే పరీక్ష మరొకరని చెప్పలేదు. జూలియా తరువాత మిసిసిపీలోని పాప్లర్‌విల్ ప్రాంతంలో స్థిరపడి, పెళ్లి చేసుకుని ఏడుగురు పిల్లలను కన్నది. బ్రూస్ ఆ ఏడుగురికీ తల్లి వైపు నుంచి మాత్రమే అన్న. కాబట్టి బ్రూస్ సంతానానికీ ఆ ఏడుగురి సంతానానికీ మధ్య ఉమ్మడి డీఎన్‌ఏ సగటున ఆరు శాతం పైచిలుకు ఉండాలి. నేటి వంశవృక్ష పరీక్షలు డీఎన్‌ఏలోని లక్షల గుర్తులను ఒకేసారి చదువుతాయి కాబట్టి ఆ మాత్రం బంధుత్వాన్ని సులభంగానే పట్టగలవు. పిల్లల తరంలో ఇద్దరు ముగ్గురు చొప్పున రెండు వైపుల నుంచీ పరీక్ష చేయించుకుంటే ఫలితం గట్టిగా ఉంటుంది. తరాలు దిగిన కొద్దీ ఆ శాతం సగం సగంగా తగ్గిపోతుంది.

అయినా పరిస్థితుల సాక్ష్యం దృష్ట్యా అతడు బ్రూస్ అయ్యే అవకాశమే ఎక్కువని నా అభిప్రాయం. డన్‌బార్ కాని పిల్లవాడు, వాల్టర్స్ మొదటి నుంచీ ఒకే మాటగా బ్రూస్ అని చెప్పిన పిల్లవాడు, మూడో బాలుడై ఉండడానికి కారణం ఏమీ కనిపించదు. అయితే అది ప్రయోగశాల చెప్పిన మాట కాదు, మనం చేసుకున్న తర్కం. ఈ రెండింటినీ వేరుగా రాయకపోవడమే మీరు చదివిన వ్యాసాలలోని లోపం.

పాతదస్త్రం

ఇద్దరికీ కృతజ్ఞతలు. మరొక్క మాట అడగాలి. అర్జెంటీనాలో అమ్మమ్మలు మైటోకాండ్రియా (కణాలకు శక్తినిచ్చే భాగాలు) డీఎన్‌ఏ సాయంతో మనవలను గుర్తించారని విన్నాను. అది తల్లి నుంచి మార్పు లేకుండా వస్తుందంటారు కదా, మరి ఇక్కడ బాబీ కుమారుడి నమూనాలోనే జూలియా మైటోకాండ్రియాను వెతకవచ్చు కదా?

సమాధానం 3 – అమ్మమ్మగారిల్లు

ఆ దారి ఇక్కడ మూసుకుపోయిందండీ. జూలియా మైటోకాండ్రియా బ్రూస్‌కు అంది ఉంటుంది, కానీ బ్రూస్ మగవాడు. మగవాడు దానిని తన పిల్లలకు ఇవ్వలేడు. అతని పిల్లలందరిలోనూ ఉన్నది వారి సొంత తల్లి మైటోకాండ్రియా. జూలియా మైటోకాండ్రియా కావాలంటే 1966లో మరణించిన ఆ వ్యక్తి అవశేషాలనే పరీక్షించాలి. దానికి ఒక వైపు అతని శరీరం, మరొక వైపు జూలియా కూతుళ్ల ద్వారా దిగివచ్చిన సంతానం కావాలి. సూక్ష్మదర్శిని గారు చెప్పిన దారి అంతకంటే తేలిక, ఎవరి సమాధీ తవ్వనక్కరలేదు.

అర్జెంటీనాలో పరిస్థితి దీనికి తలకిందులు. 1976 నుంచి 1983 వరకు సాగిన సైనిక పాలనలో మాయమైన తల్లిదండ్రుల పిల్లలను వేరే కుటుంబాలకు అప్పగించి, పుట్టుక కాగితాలు మార్చేశారు. అలాంటి పిల్లలు దాదాపు అయిదు వందల మంది ఉంటారని 1977లో ఏర్పడిన ప్లాసా దే మాయో అమ్మమ్మల సంఘం అంచనా. అక్కడ వెతుకుతున్న బిడ్డ బతికే ఉంది, నడుమ తరం లేదు. తల్లీతండ్రీ లేకుండా తాతలు, అవ్వల రక్తంతోనే బంధుత్వపు సంభావ్యతను లెక్కగట్టే పద్ధతిని రూపొందించడానికి అమెరికా జన్యుశాస్త్రవేత్త మేరీ క్లెయిర్ కింగ్ వంటివారు తోడ్పడ్డారు. 1984 డిసెంబరులో ఎనిమిదేళ్ల బాలికను కోర్టు ఆమె అమ్మమ్మకు అప్పగించింది. ఆమెను పెంచిన పోలీసు అధికారి రెండేళ్ల పిల్లను అప్పుడే పుట్టిన బిడ్డగా నమోదు చేయించాడు, కాబట్టి పుట్టిన తేదీని నమ్ముకుని వెతికేవారికి ఆమె ఎన్నటికీ దొరికేది కాదు. అప్పట్లో చూసినవి తెల్లరక్తకణాలపై ఉండే గుర్తులు, మైటోకాండ్రియా పరీక్ష ఆ తరువాత వచ్చింది.

మన భాషలో అమ్మమ్మకు, నాయనమ్మకు వేర్వేరు పేర్లున్నాయి. ఈ పరీక్షలకు అది ఎంత చక్కగా అమరుతుందో చూడండి. మైటోకాండ్రియా అమ్మమ్మ నుంచి మనవడికైనా మనవరాలికైనా వస్తుంది. నాయనమ్మ నుంచి అది రాదు, ఆమె ఎక్స్ క్రోమోజోమ్ కొడుకు ద్వారా మనవరాలికి అందుతుంది, కొడుకు కొడుక్కి ఆ దారి కూడా లేదు. అందుకే అర్జెంటీనా ప్రభుత్వం 1987లో చట్టం చేసి, కుటుంబంలో దొరికిన ప్రతి ఒక్కరి నమూనానూ భద్రపరిచే జాతీయ జన్యు సమాచార బ్యాంకును నెలకొల్పింది. మనవలు ఎప్పుడు దొరికినా, అప్పటికి అవ్వలు బతికి లేకపోయినా, పోలిక చూడవచ్చు.

డన్‌బార్ కేసులో జూలియా వైపు నుంచి అలా దాచి ఉంచిన నమూనా ఏదీ లేదు. జూలియా తరువాతి పిల్లల సంతానం, 1913లో తెచ్చిన ఆ బాలుడి సంతానం ఒప్పుకుంటే మీ రెండో ప్రశ్నకు ఇప్పటికీ జవాబు తెప్పించవచ్చు. స్వేజీ సరస్సు దగ్గర తప్పిపోయిన అసలు బాబీ విషయంలో మాత్రం పోల్చడానికి డన్‌బార్ల నమూనా ఉంది గాని, దానితో పోల్చవలసిన ఎముక ఒక్కటి కూడా ఇంతవరకు దొరకలేదు.