ఎడిన్‌బరాలో జనరల్ ప్రాక్టీస్ విభాగం ఎలా పుట్టింది? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

నమస్కారం. నేను కమ్యూనిటీ మెడిసిన్ పీజీ రెండో ఏడాది. వచ్చే నెల సెమినార్‌లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరా యూనివర్సిటీలో ప్రజారోగ్యం, జనరల్ ప్రాక్టీస్ (ఫ్యామిలీ డాక్టర్ల వైద్యం) విభాగాల చరిత్ర చెప్పాలి. టాపిక్ ఎంచుకుంది నేనే, ఇప్పుడు టెన్షన్ పడుతున్నదీ నేనే.

ఇంతవరకు దొరికింది ఇది. ప్రజారోగ్యానికి అక్కడ 1898లోనే ప్రొఫెసర్ పదవి ఏర్పడింది. డబ్బిచ్చింది విస్కీ వ్యాపారి జాన్ అషర్. (విస్కీ సొమ్ముతో ప్రజారోగ్యం! మా గైడ్ గారు విని చాలాసేపు నవ్వారు.) 1902లో ఆయన పేరుతో ఇన్‌స్టిట్యూట్ తెరిచారు.

జనరల్ ప్రాక్టీస్ దారి వేరు. ఆండ్రూ డంకన్ 1776లో పేదల కోసం పెట్టిన డిస్పెన్సరీ ఒకటి ఉండేది. 1948లో ఎన్‌హెచ్‌ఎస్ (బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ) వచ్చాక, ప్రజారోగ్య విభాగంలో పాఠాలు చెప్పే రిచర్డ్ స్కాట్ అక్కడే విద్యార్థులకు శిక్షణ మొదలుపెట్టారు. పేషెంటుని వార్డు మంచం మీద కాకుండా ఇల్లు, కుటుంబంతో కలిపి చూడాలన్నది ఆలోచన. 1963లో ఆయన ప్రపంచంలోనే మొదటి జనరల్ ప్రాక్టీస్ ప్రొఫెసర్ అయ్యారు.

నాకు అర్థం కానిది ఆ మధ్య పదిహేనేళ్లు. ఆసుపత్రి ప్రొఫెసర్లు అడ్డుపడ్డారా? ప్రజారోగ్యం నుంచి ఎందుకు విడిపోవాల్సి వచ్చింది? మన దగ్గర ప్రతి మెడికల్ కాలేజీలో ఎస్‌పీఎం (ప్రజారోగ్యం చెప్పే విభాగం) ఉన్నా, ఫ్యామిలీ మెడిసిన్ విభాగం కనిపించడం అరుదు. పోలిక అక్కడే పెడదామనుకుంటున్నాను.

మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఆ రోజుల్లో అక్కడ చదివి ఉంటే, వాళ్లు చెప్పిన రెండు ముక్కలైనా రాయండి. ఎడిన్‌బరాలో ఉన్నవాళ్లు, యూనివర్సిటీ లైబ్రరీలో పాత ఫైళ్ల కాపీలు బయటివాళ్లు ఎలా అడగాలో చెబితే చాలా మేలు చేసినవారవుతారు.