అప్‌డేట్: మావాడికి ట్రంపెట్ కొన్నాం

తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయికి ఆన్‌లైన్‌లో 7 వేలకొచ్చే కొత్త ట్రంపెట్ తీసుకోవాలా, పాతదైనా యమహా చూడాలా అని పోయిన నెల అడిగాను కదా. పాతదే తీసుకున్నాం. మిర్యాలగూడలో పెళ్లి బ్యాండు మానేసిన ఒక పెద్దాయన దగ్గర, యమహా వైటీఆర్-2330, 18 వేలు.

వాల్వుల్లో (వేళ్లతో నొక్కే మూడు మీటల్లో) గాలి లీకవుతోందేమో చూడమని మీరు చెప్పిన పరీక్ష అక్కడే చేశాను. వాల్వ్ నొక్కకుండా దాని స్లైడ్ (బయటికి లాగే వంపు గొట్టం) లాగితే ‘టప్’మనాలి. ఒకటోది, మూడోది అలా అన్నాయి. రెండోది బిగుసుకుపోయింది. పెద్దాయన నవ్వి, నూనె చుక్క వేసి, స్లైడ్ వంపులో గుడ్డపేలిక దూర్చి ఒక్క గుంజు గుంజారు. ఊడొచ్చింది! చెయ్యి పట్టే చోట పాలిష్ పోయి ఇత్తడి నల్లబడింది, వాయించడానికి అదేం అడ్డు కాదు.

మౌత్‌పీస్ (నోటికి పెట్టుకుని ఊదే ముక్క) మాత్రం కొత్తది, 7సీ సైజు. ఇంకొకరి నోట్లోది వద్దని వాళ్లమ్మ పట్టు.

మొన్న వాల్వులు తుడిచి పెట్టేటప్పుడు మావాడు 1, 3 తారుమారు చేశాడు. ఊదితే గాలే పోదు! పాడైందేమోనని ఒకటే టెన్షన్. వాటి మీది నంబర్లు చూసి మారిస్తే మోగింది.

ఇప్పుడు గొడవ పక్కింటివాళ్లతో. చప్పుడు తగ్గించడానికి ట్రంపెట్‌కి పెట్టే ప్రాక్టీస్ మ్యూట్ ఏది మంచిదో చెప్పండి.