బడికి నడిచే దారి: కార్పొరేషన్ అర్జీలో ఏం రాయాలి? (చెన్నై)

పెరంబూరు_అసోసియేషన్
అందరికీ నమస్కారం. మా గేటు నుంచి బడి దాకా సుమారు 700 మీటర్లు. సగం లోపలి వీధి, మిగతాది బస్సులు తిరిగే రోడ్డు. ఫుట్‌పాత్ ఉందంటే ఉంది: వాననీటి కాలువ మీద పలకలు, మధ్యలో ఈబీ (కరెంటు) బాక్సులు, గేటు గేటుకీ ర్యాంపు. సాయంత్రమైతే బైకులు దాని మీదే నడుస్తాయి. కొందరు పిల్లలు సైకిళ్ల మీద వెళ్తారు. "ఫుట్‌పాత్ బాగుచేయండి, సైకిల్ లేన్ గీయండి, బైకులు ఎక్కకుండా స్తంభాలు పాతండి" అని రాస్తే సరిపోతుందా? అర్జీ ఎవరికివ్వాలి? కార్పొరేషన్ ఫిర్యాదుల నంబరు 1913కి ఫోన్ చేస్తే చాలదా?

టేపుకొలత
ఆ మూడు వాక్యాలతో ఇస్తే రెండు పలకలు మార్చి, నాలుగు చోట్ల సిమెంటు పూసి పోతారు. మీరడిగింది కూడా అంతే కదా.

ముందు రోడ్డు ఎవరిదో తేల్చుకోండి. లోపలి వీధులు వార్డు ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు), జోన్ ఆఫీసు చూస్తాయి. బస్సులు తిరిగే రోడ్లకు కార్పొరేషన్‌లోనే బస్ రూట్ రోడ్స్ అని వేరే విభాగం ఉంది. కొన్ని పెద్ద రోడ్లు అసలు కార్పొరేషన్‌వే కావు, రాష్ట్ర హైవేస్ శాఖవి. మీ 700 మీటర్లకు కనీసం ఇద్దరు యజమానులుంటారు కాబట్టి అర్జీలు రెండు రాయండి. ఒకే కాగితం రాస్తే "ఇది మా పరిధి కాదు" అనడానికి ఇద్దరికీ వీలు దొరుకుతుంది. 1913 విరిగిన పలకకు, మూత లేని మ్యాన్‌హోల్‌కు, పోసి వదిలేసిన మట్టికి పనికొస్తుంది. డిజైన్ మార్పు అక్కడ తేలదు.

తర్వాత కొలతలు. 5 మీటర్ల టేపు, సుద్దముక్క, ఇద్దరు మనుషులు చాలు. ప్రతి 20 మీటర్లకు ఒక గుర్తు పెట్టి, ఆ ముక్కలో అన్నిటికన్నా ఇరుకైన చోట ఎంత వెడల్పు మిగిలిందో రాయండి. ఫుట్‌పాత్ మొత్తం వెడల్పు కాదు, అడ్డం లేకుండా నడవడానికి మిగిలింది. 2.4 మీటర్ల ఫుట్‌పాత్‌లో ఈబీ బాక్స్ పోగా 70 సెంటీమీటర్లు మిగిలితే, మీ లెక్కలో అది 70 సెంటీమీటర్ల ఫుట్‌పాతే. ఫోటోలో టేపు అంకె కనబడాలి.

పోల్చడానికి ఐఆర్‌సీ:103 పట్టుకోండి, అంటే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పాదచారుల సౌకర్యాలకు ఇచ్చిన మార్గదర్శకాలు. నివాస ప్రాంతంలో అడ్డం లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు, తలపైన 2.2 మీటర్ల ఖాళీ, కర్బు (ఫుట్‌పాత్ అంచు రాయి) ఎత్తు 150 మిల్లీమీటర్లకు మించకూడదు. దుకాణాల వీధిలో వెడల్పు 2.5 మీటర్లు. మన దగ్గర కాలువ గోడను బట్టి ఫుట్‌పాత్ లేస్తుంది కాబట్టి కర్బు 300 మిల్లీమీటర్లు దాటిన చోట్లు బోలెడు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు అంతెత్తు ఎక్కరు, రోడ్డు మీదే నడుస్తారు. "ఫుట్‌పాత్ వేసినా జనం వాడరు" అనే మాట అక్కడ పుట్టిందే.

గేట్ల గురించి ఒక్క వాక్యం తప్పకుండా రాయండి: గేటు దగ్గర ఫుట్‌పాత్ ఎత్తు మారకూడదు, బండే ఎక్కి దిగాలి. ఇప్పుడు జరుగుతున్నది దీనికి తలకిందులు. ప్రతి ఇంటి ముందూ ఫుట్‌పాత్ దిగి మళ్లీ లేస్తుంది, బైకులకు ఎక్కే దారీ అదే.

ఈబీ బాక్స్ జరపడం విద్యుత్ సంస్థ పని, డబ్బు కట్టాల్సింది రోడ్డు పని చేయించేవాళ్లు. ఎస్టిమేట్‌లో ఆ డిపాజిట్ లేకపోతే బాక్స్ కదలదు, దాని చుట్టూ కొత్త టైల్స్ వేస్తారు.

సైకిల్_చైన్
స్తంభాల మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి. చక్రాల కుర్చీ సాఫీగా దూరాలంటే మధ్య ఖాళీ 1.2 మీటర్లుండాలి, 90 సెంటీమీటర్లకు తగ్గితే ఇబ్బందే. స్కూటర్ హ్యాండిల్ వెడల్పు 70-75 సెంటీమీటర్లు. అంటే కుర్చీని పోనిచ్చి బైకును ఆపే ఖాళీ అనేదే లేదు. స్తంభాలు కార్లను, ఆటోలను ఆపుతాయి, అంతే. బైకును ఆపాలంటే ట్రాఫిక్ పోలీసులు సాయంత్రం పూట అక్కడ నిలబడాలి. ఆ అర్జీ వేరే.

సైకిల్ లేన్ కూడా అడగొద్దంటాను. లోపలి వీధిలో దాని అవసరమే లేదు, బండ్ల వేగం గంటకు 30 కిలోమీటర్లకు దిగితే చాలు. బస్సు రోడ్డులో కర్బుతో విడదీసిన 2 మీటర్లు ఇవ్వలేనప్పుడు గీసే తెల్లగీత వారంలో పార్కింగ్ అయిపోతుంది.

దానికి బదులు ఖర్చు తక్కువైనదొకటి అడగండి. రోడ్డంచున వాననీరు దిగే ఇనుప జాలీలు చూశారా? ఊచలు రోడ్డు వెంబడి ఉంటే ముందు చక్రం సందులో దిగి పిల్లాడు హ్యాండిల్ మీదుగా పడతాడు. ఊచలు రోడ్డుకు అడ్డంగా ఉండాలి. చాలా చోట్ల జాలీని తీసి 90 డిగ్రీలు తిప్పి పెట్టినా చాలు, చతురస్రం కాకపోతే మార్చాలి. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి ఫోటోలతో ఇవ్వండి. ఇది ఏఈ స్థాయిలోనే అయిపోతుంది.

ఈశాన్య_గాలి
లేన్ విషయంలో నాది వేరే మాట. ఇప్పుడు ఇవ్వకపోయినా కాగితం మీద అడగాలి. కార్పొరేషన్ 2014లోనే నడక, సైకిల్ కోసం ఒక విధానం ఆమోదించింది. రవాణా బడ్జెట్‌లో కనీసం 60 శాతం వాటికే అని అందులో ఉంది. 2019లో టీ.నగర్‌లో నడిచేవాళ్ల కోసం తెరిచిన పాండీ బజార్ ప్లాజా ఆ దారిలో వచ్చిందే. అర్జీ మొదటి పేరాలో దీన్ని, ఫుట్‌పాత్ హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలో (జీవించే హక్కు) భాగమని సుప్రీంకోర్టు 2025 మేలో చెప్పిన మాటను పెట్టండి. రెండు వాక్యాలు చాలు. ఉపన్యాసం రాస్తే ఇంజనీరు కొలతల పట్టిక దాకా రాడు.

బడి ముందు ఫుట్‌పాత్ ఎత్తులోనే రోడ్డు దాటే తిన్నె అడగండి. వెంటనే వచ్చే అభ్యంతరం "నీళ్లు నిలుస్తాయి". నిజంగానే నిలుస్తాయి, కాబట్టి నీరు వచ్చే వైపు రెండు అంచుల్లోనూ కాలువలోకి దిగే జాలీ కావాలని మీరే రాసేయండి. రెండో అభ్యంతరం బస్సు అడుగుభాగం తగులుతుందని. వాలు నిదానంగా ఉంచమనండి. రోడ్డు మధ్యలో ఆగే చోటు ఉంటే 2 మీటర్ల లోతు కావాలి, ఎందుకంటే సైకిలే దాదాపు 1.8 మీటర్ల పొడవు.

తేదీ ముఖ్యం. బడ్జెట్ ఫిబ్రవరి, మార్చి ప్రాంతంలో. డిసెంబరు లోపే అర్జీ చేరాలి. టెండర్ పిలిచాక డిజైన్ మార్చమంటే ఎవరూ వినరు.

పెరంబూరు_అసోసియేషన్
చాలా ఉపయోగపడిందండీ. "ఇక్కడ దాటేవాళ్లు అంతమంది లేరు" అంటే ఏం చెప్పాలి? టెండర్ ఇప్పటికే అయిపోయుంటే?

టేపుకొలత
మొదటిదానికి ఐఆర్‌సీలో పాత లెక్క ఉంది. రద్దీ గంటలో దాటే మనుషులను, రెండు వైపులా పోయే బండ్ల సంఖ్య వర్గంతో గుణించాలి. వచ్చిన సంఖ్య డివైడర్ లేని రోడ్డుకు 10 కోట్లు, ఉన్నదానికి 20 కోట్లు దాటితే క్రాసింగ్ ఇవ్వాలి. 150 మంది, 1,200 బండ్లు అయితే 21.6 కోట్లు. బడి వదిలే గంటలో లెక్కపెట్టండి, ఆదివారం కాదు. ఈ లెక్కలో ఒక లోపముంది: భయపడి దాటడమే మానేసినవాళ్లు, ఆటోలో పోయేవాళ్లు ఇందులోకి రారు. ఆ సంగతి కూడా రాయండి. బడి హాజరు పట్టీ నుంచి రోడ్డుకు అవతల ఉండే పిల్లల సంఖ్య ఇమ్మని హెడ్‌మాస్టర్ గారిని అడిగితే ఇస్తారు.

రెండోదానికి 10 రూపాయల ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు. "ఎందుకు చేయలేదు" అని అడగొద్దు, కాగితాలు అడగండి: మంజూరైన ఎస్టిమేట్, డ్రాయింగ్, పని ఆర్డర్, డిఫెక్ట్ లయబిలిటీ గడువు (లోపాలను కాంట్రాక్టరే సరిచేయాల్సిన కాలం). 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే మొదటి అప్పీలు. డ్రాయింగ్‌లో 1.8 అని ఉండి నేల మీద 1.2 ఉంటే, గడువు లోపల కాంట్రాక్టరుతోనే సరిచేయించమని ఈఈకి (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) రాయొచ్చు. రోడ్డు పరిచే పనైతే మిల్లింగ్ (పాత తారు గీకడం) ఉందో లేదో చూడండి. పాత తారు గీకకుండా 40 మిల్లీమీటర్ల పొర వేస్తే కర్బు అంత కుంగినట్టే, వాననీళ్లు ఫుట్‌పాత్ మీదికొస్తాయి.

సైకిల్_చైన్
ఇంకొకటి. తోపుడుబండ్లు తీసేయమని మాత్రం అర్జీలో రాయకండి. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వాళ్లకు చోటు చూపాల్సిన కమిటీ వేరే ఉంది. రాత్రి ఎనిమిది తర్వాత ఆ ఫుట్‌పాత్ మీద వెలుగూ మనిషీ ఉండేది వాళ్ల వల్లే. "1.8 మీటర్లు వదిలి మిగిలిన చోట" అని రాస్తే వాళ్లు కూడా సంతకం పెడతారు.

ఈశాన్య_గాలి
సంతకాలు తీసుకున్నాక రెండు ప్రతులు తీయండి, ఒకదాని మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. అర్జీ తమిళంలో ఉంటే ఫైల్ త్వరగా కదులుతుంది. పక్కింటి తమిళం మాస్టారెవరైనా ఉంటే ఆయనతో రాయించండి. కౌన్సిలర్ గారికి ఒక ప్రతి, ఏరియా సభలో (వార్డులో జనంతో జరిగే సమావేశం) ఒకసారి చదివి మినిట్స్‌లో ఎక్కించడం మర్చిపోకండి.