'ఆంటిలెగోమెనా'ని తెలుగులో ఏమందాం?

ప్రశ్న:
కైసరయ బిషప్పు యుసేబియస్ మీద మా చర్చి మాసపత్రికకి చిన్న వ్యాసం రాస్తూ ఒక్క మాట దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను. ఆయన సంఘ చరిత్ర మూడో పుస్తకం 25వ అధ్యాయంలో కొత్త నిబంధన పుస్తకాల లెక్క తేలుస్తాడు. అందరూ ఒప్పుకున్నవి 'హొమొలొగూమెనా'. కొందరు కాదన్నవి 'ఆంటిలెగోమెనా': యాకోబు, యూదా, రెండో పేతురు, యోహాను రెండు మూడు పత్రికలు. తర్వాత 'నోథా': హెర్మాసు కాపరి, బర్నబా పత్రిక వగైరా. రెండోదానికి 'వివాదాస్పదాలు' అని రాస్తే మా నాన్నగారు కొట్టేశారు. "యాకోబు పత్రిక మీద కోర్టులో కేసేమైనా నడుస్తోందా?" అన్నారు. నిజమే, ఇప్పుడు వివాదాస్పదం అంటే భూమో, సినిమానో, మంత్రిగారి నోటి మాటో. పైగా యుసేబియస్ ఆ వెంటనే 'అయినా చాలామందికి తెలిసినవే' అని కూడా అంటాడు. 'సందిగ్ధాలు' అంటే సరిపోతుందా?

జవాబు:
సందిగ్ధం వద్దండి. సందేహం మనసులో పుట్టి అక్కడే ఉండిపోవచ్చు. ఈ గ్రీకు మాటకి నోరుంది: ఆంటి అంటే ఎదురు, లెగో అంటే పలుకుతాను. ఎవరో బయటికి కాదని అనాలి. యుసేబియస్ వెతికిందీ అదే, పాతవాళ్లలో ఏ పుస్తకాన్ని ఎవరు వాడారు, ఎవరు కాదన్నారు అని. మూడో శతాబ్దపు క్రైస్తవ పండితుడు ఒరిగెను పుస్తకాలతో తన గురువు పాంఫిలస్ పెంచిన కైసరయ గ్రంథాలయం అందుబాటులో ఉండబట్టే ఆ పని చేయగలిగాడు. పాంఫిలస్ 310లో విశ్వాసం కోసం ప్రాణమిచ్చి హతసాక్షి అయ్యాడు. శిష్యుడు తన పేరుకి గురువు పేరు తగిలించుకుని 'పాంఫిలస్ వాడైన యుసేబియస్' అయ్యాడు. మనకి ఇంటిపేరు ముందొస్తుంది, ఆయనకి గురువు పేరు వెనకొచ్చింది.

మరొకరు:
నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. కానీ పాత తెలుగు బైబిలు ఆయన పక్షాన లేదు! లూకా 2:34 తీయండి. సుమెయోను బాలయేసును ఎత్తుకుని చెప్పిన మాటల్లో 'వివాదాస్పదమైన గురుతుగాను' అని ఉంటుంది. గ్రీకులో అక్కడున్నది 'ఆంటిలెగోమెనోన్', అంటే మీరు అడిగిన మాటకే ఏకవచనం. ఆస్పదం అంటే చోటు. ఎదురు మాటలకి చోటైనది అని అర్థం. అనువాదకులు బాగానే పట్టుకున్నారు, మాటకి ఆ మకిలి అంటించింది ఈనాటి వార్తలే.

ఇంకొకరు:
అదే బైబిల్లో జంట మాట కూడా దొరుకుతుంది. 1 తిమోతి 3:16, 'నిరాక్షేపముగా దైవభక్తిని గూర్చిన మర్మము గొప్పదైయున్నది'. ఈ 'నిరాక్షేపముగా' గ్రీకులో 'హొమొలొగూమెనోస్'. అంటే మొదటి తరగతి నిరాక్షేపాలు. రెండోది సాక్షేపాలు అందామంటే వినేవాళ్లకి సాక్షి గుర్తొస్తాడు, 'ఆక్షేపణ ఉన్నవి' అంటే చాలు. ఇంకో తమాషా, ఆ వచనంలో దైవభక్తి అన్నచోట ఉన్న గ్రీకు మాట 'యుసేబియా'. మన చరిత్రకారుడి పేరు అందులోంచి వచ్చిందే.

ప్రశ్న అడిగినవారు:
ఇది అసలు ఊహించలేదు! మరి నోథా సంగతి? నకిలీలు అని రాసి పెట్టుకున్నాను.

మొదటి జవాబు ఇచ్చినవారు:
నకిలీ అన్యాయమండి. హెర్మాసు కాపరిని కొన్ని సంఘాల్లో అందరి ముందూ చదివేవారని యుసేబియసే రాశాడు. ప్రక్షిప్తం కూడా కుదరదు, అది కావ్యంలో ఎవరో దూర్చిన పద్యానికి వాడే మాట. నోథోస్ అంటే పెళ్లి కాని సంబంధంలో పుట్టిన బిడ్డ. మన ధర్మశాస్త్రాల్లో ఔరసుడు, అంటే పెళ్లాడిన భార్యకి పుట్టిన కొడుకు, ఉన్నాడు కదా, దానికి ఎదురుగా 'అనౌరసాలు' అనొచ్చు. కానీ చర్చి పత్రికలో ఎంతమందికి అర్థమవుతుందో! పైగా ఈ గదుల మధ్య గోడలు ఆయన దగ్గరే గట్టిగా లేవు. నోథా కూడా ఆక్షేపణ ఉన్నవాటిలోవే అంటాడు. ప్రకటన గ్రంథాన్నైతే 'సబబనిపిస్తే' అంటూ ఒప్పుకున్నవాటిలో పెట్టి, మళ్లీ అదే మాటతో నోథాలోనూ పెడతాడు. 325లో బిషప్పులంతా కూడిన నైసియా సభలోనూ ఆయనది ఇదే ఊగిసలాట. కుమారుడు తండ్రితో ఒకే సారం గలవాడని చెప్పే 'హొమొఊసియోస్' అన్న ఒక్క మాట మింగుడుపడక, చివరికి సరేనని, ఎందుకు ఒప్పుకున్నాడో వివరిస్తూ తన సంఘానికి ఉత్తరం రాసుకున్నాడు.

ప్రశ్న అడిగినవారు:
నాన్నగారికి అన్నీ చదివి వినిపించాను. లూకా వచనం దగ్గర కాసేపు ఏమీ అనలేదు. తర్వాత 'ఆక్షేపణ ఉన్నవి' అనే రాయమన్నారు. నోథాని మాత్రం నోథాగానే ఉంచి, పక్కన ఒక వాక్యంలో వివరిస్తున్నాను.